తోటయ్య అడగని పెరడు

పోయిన వారం పిట్టను వీధి మొగలో, పాత ఇనుప సామాన్ల బండి ఎదుట నిలబెట్టి వదిలేశాం. ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం బయల్దేరిన మనిషి, ఆ బండి మీద విరిగిన మడత కుర్చీకీ తుప్పుపట్టిన కిటికీ ఊచలకీ మధ్య తండ్రి పారను గుర్తుపట్టింది. పార ఒక్కటే కాదు. గునపం, కలుపు తీసే తొలిక, కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర, ఇరవై ఆరేళ్ళు ఆయన చేతుల్లో అరిగిన సామానంతా అక్కడే ఉంది. ఇవెక్కడివని అడిగితే బండివాడు, "ఆ చివరింటి పెద్దాయన ఊరికే తీసుకుపొమ్మన్నాడమ్మా" అన్నాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ చివరింటి పెద్దాయన ఎముకల ఆసుపత్రిలో తోటమాలిగా చేశాడు. అక్కడ అందరూ తోటయ్య అనేవారు, ఆ పేరే నిలిచిపోయింది. భార్య బడిపిల్లల యూనిఫారాలకు కాజాలు కుడుతుంది. ఒక్కతే కూతురు. సన్నగా, ఒకచోట నిలవకుండా తిరుగుతుందని చిన్నప్పుడు పెట్టిన పిట్ట అన్న పేరు ముప్పై ఏళ్ళొచ్చినా వదల్లేదు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమె పని. ఆమె భర్త కారు నడపడం నేర్పుతాడు. నలుగురూ కలిసి ఈ కొత్త ఇంట్లోకి వచ్చి అయిదు నెలలయింది. ఇంటి వెనక పెద్ద పెరడు ఉంది. ఈ అయిదు నెలల్లో తోటయ్య అందులో ఒక్క మొక్క నాటలేదు. ఏం పెడదాం మామయ్యా అని అల్లుడు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "మీ ఇష్టం బాబూ" అన్న జవాబే వచ్చింది. చివరికి అల్లుడు పెరడంతా కాంక్రీటు పోయించి తన రెండు కార్లూ అక్కడ పెట్టుకుందామని మాట్లాడి వచ్చాడు. బుధవారం వస్తామన్నారు వాళ్ళు.

ఇక ఆదివారం సంగతి.

పిట్ట ఆ సామాను రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి నడిచింది. బండివాడు అడ్డు చెప్పకపోగా, గునపం బరువుగా ఉందని తనే భుజాన వేసుకుని వెనక సందు గేటు దాకా తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. పాల మాట ఆమెకు గుర్తే లేదు.

తోటయ్య వంటింట్లోంచి పెరట్లోకి దిగే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రోజూ అక్కడే కూర్చుంటాడు. టీ తాగినా అక్కడే, పేపరు చదివినా అక్కడే. పిట్ట వచ్చి సామానంతా ఆయన కాళ్ళ దగ్గర దబ్బున పడేసింది.

"ఇవేంటి నాన్నా?"

ఆయన వాటికేసి చూశాడు. చూపు మళ్ళీ పెరట్లోకి తిప్పుకున్నాడు. "పాతవి తల్లీ. తుప్పు పడుతున్నాయి."

"తుప్పా? ఏదీ, ఎక్కడుందో చూపించు. నూనె రాసి గుడ్డ చుట్టి ఉన్నాయి. పారేసే వస్తువుకి ఎవరైనా నూనె రాస్తారా?"

"తీసుకెళ్ళేవాడికి పనికొస్తాయి కదా అని."

"నీకు పనికిరావా?"

పిట్ట ఇన్నాళ్ళుగా గొంతులోనే ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చేసింది.

"నాన్నా, మనం ఎన్ని ఇళ్ళు చూశాం? ఆ రెండో ఇంటికి మేడ మీద గది కూడా ఉంది. నా ల్యాబు నాలుగడుగులు. వద్దన్నాను. మూడో ఇల్లు కొత్తది, గోడలకి రంగు కూడా ఆరలేదు. అదీ వద్దన్నాను. ఎందుకు? మట్టి లేదని. మా నాన్న మూడో అంతస్తు క్వార్టర్లో ఉంటూ ఇరవై ఆరేళ్ళు ఎవరిదో తోట పెంచాడు, ఇకనన్నా ఆయనకంటూ పెరడు ఉండాలి అని మీ అల్లుడితో పోట్లాడి మరీ ఈ ఇల్లు ఒప్పించాను. రోజూ గంటన్నర బస్సులో వేలాడుతూ పోతున్నాను. నువ్వేమో మెట్టు మీద కూర్చుని మీ ఇష్టం, మీ ఇష్టం! ఇవాళ పార కూడా ఇచ్చేశావు!"

తోటయ్య చాలా మెల్లగా అన్నాడు.

"నేనడిగానా పిట్టా?"

కోపంగా అనలేదు. అంత మెత్తగా అన్నాడు కాబట్టే ఆ మాట తిన్నగా వెళ్ళి తగిలింది. పిట్ట కింద పడి ఉన్న పారకేసి చూసింది. నిజమే. ఆయన అడగలేదు. తనే అనుకుంది, తనే వెతికింది, తనే తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెట్టిన మనిషికి ఎంత సంబరంగా ఉంటుందో పుచ్చుకునే మనిషికీ అంతే ఉంటుందనుకుంది. కళ్ళు చెమర్చాయి. ముఖం అటు తిప్పుకుంది.

వంటింటి కిటికీ పక్కన అప్పటిదాకా సూది ఆగలేదు. ఇప్పుడు ఆగింది. బడులు తెరిచే రోజులు, ఆదివారమైనా పని తప్పదు. తోటయ్య భార్య చేతిలో నీలం చొక్కా, నోట్లో దారం ముక్కతో గుమ్మంలోకి వచ్చింది.

"అడగలేదు, నిజమే" అంది దారం తీసి. "మీ నాన్న ఏదీ అడగరు. పెళ్ళయిన కొత్తలో పదిహేను రోజులు కూరలో ఉప్పు తక్కువైతే, నేను తిని తెలుసుకునేదాకా నోరు మెదపలేదు. ఆయన సంగతి నీకు కొత్తా?" తర్వాత భర్త వైపు తిరిగింది. "కానీ ఇవాళ నేనొకటి అడుగుతాను. మీరు చెప్పాలి. ఆసుపత్రిలో మీ ఆఖరి రోజు, చొక్కా జేబులో రంపపు పొట్టు ఎందుకుంది?"

తోటయ్య తల ఎత్తాడు.

"రెండు జేబుల నిండా ఉంది. కాలరు మడతల్లో ఉంది. మూడు నీళ్ళల్లో జాడిస్తే గానీ వదల్లేదు. వయసైపోయింది, మానేశాను అన్నారు. సరే అన్నాను. మీరే చెప్తారని చూస్తున్నాను. ఏడాది కావస్తోంది."

పిట్ట తల్లిని చూసింది, తండ్రిని చూసింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. తోటయ్య అరచేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు.

"అక్కడ కాళ్ళు విరిగినవాళ్ళు నడక నేర్చుకోవాలి కదా" అని మొదలుపెట్టాడు, ఎక్కడో వేరే కథ చెబుతున్నట్టు. "డాక్టర్లు నడవండి నడవండి అంటారు. బయట ఎండ. ఎవరు నడుస్తారు? నేను చేరిన రెండో ఏడు, చంకకర్రల మీద నడిచేవాళ్ళ వెనకాల తిరిగాను. ఎన్ని అడుగులకి ఆయాసపడి ఆగుతున్నారా అని. ఒకళ్ళు పదిహేను, ఒకళ్ళు పాతిక. ఇరవై అని లెక్క కట్టి, గేటు నుంచి వెనక గోడ దాకా ఇరవై అడుగులకి ఒకటి చొప్పున కానుగ మొక్కలు పెట్టాను. పదకొండు. ఒక నీడలోంచి బయల్దేరితే ఇంకో నీడ కనబడుతూ ఉంటుంది. అదిగో అక్కడిదాకా, అని నడిచేస్తారు. నాలుగైదేళ్ళకి అవి అందుకున్నాక అక్కడ నడవనన్నవాళ్ళు లేరు."

"నాకు తెలుసు నాన్నా" అంది పిట్ట. "చిన్నప్పుడు ఆ నీడల్లోనే కదా నేను తొక్కుడుబిళ్ళ ఆడుకుంది."

"అవిప్పుడు లేవమ్మా."

పిట్ట అలాగే నిలబడిపోయింది.

"ఆఫీసులో కొత్తాయన వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. బండ్లు పెట్టుకోడానికి చోటు చాలడం లేదు తోటయ్యా, అక్కడంతా కాంక్రీటు చేయిస్తున్నాం అన్నాడు. రంపం వాళ్ళు కొత్తవాళ్ళు, ఈ చెట్లు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు, ఏది ఎటు పడుతుందో నువ్వు దగ్గరుండి చెబితే గోడలకీ కిటికీలకీ దెబ్బ తగలదు అన్నాడు." తోటయ్య గొంతు సవరించుకున్నాడు. "చెప్పాను పిట్టా. ఏ కొమ్మ బరువు ఎటుందో నాకు తెలుసు కదా. కత్తిరించి పెంచింది నేనే. తాడు పట్టుకుని నిలబడి 'ఇటు' అన్నాను. అటే పడింది. మళ్ళీ రెండోదాని దగ్గరికి వెళ్ళి 'ఇటు' అన్నాను. పదకొండు సార్లు అన్నాను. ఒక్కటీ తప్పు పడలేదు. ఆయన నా భుజం తట్టాడు. భేష్ తోటయ్యా, ఒక్క అద్దం పగల్లేదు అన్నాడు."

తోటయ్య భార్య చేతిలో చొక్కా గుమ్మం పక్కన పెట్టేసి, వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆ మెట్టు ఇద్దరికి చాలదు. అయినా సర్దుకుని కూర్చుంది.

"అల్లుడుగారు పాపం ప్రేమగానే అడిగారు, ఏం పెడదాం, ఎక్కడ పెడదాం అని. ఎక్కడ అన్న మాట వినగానే నా నాలుక మీదికి ఆ 'ఇటు' వచ్చి కూర్చుంటుంది. ఇంక నోరు రాదు. మీరు సిమెంటు పోయించుకుంటామంటే లోపల హాయిగా ఉంది నాకు. నరకడానికి ఏమీ ఉండదు కదా అని."

"నాకొక్క మాట చెబితే ఏం పోయేది?" అంది భార్య.

"నువ్వు ఏడుస్తావని."

"చెప్పకపోయినా ఏడ్చాను. ఆ చొక్కా ఉతుకుతూ."

తోటయ్య ఆమె వైపు చూశాడు. అలా ఆవిడ ముఖంలోకి తిన్నగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆవిడ ఆయన భుజం మీద ఏదో దారప్పోగు ఉన్నట్టు తీసి గాలిలోకి ఊదేసింది. అసలు అక్కడ దారప్పోగు లేదని పిట్ట చూసింది.

పిట్ట కింద మట్టిలోనే చతికిలబడింది. ఏదైనా అనాలని ఉంది. నాన్నా ఇది మన ఇల్లు, ఇక్కడ ఎవరూ నరకమనరు అనొచ్చు. కానీ అది ఆయనకు తెలియక కాదు. ఏం నాటుదాం అని మళ్ళీ అడిగితే మళ్ళీ నోరు మూసేస్తాడు. అయిదు నెలలుగా అందరూ ఆయన్ని అడిగినదే అడుగుతున్నారు. ఆయన మాత్రం రోజూ ఈ మెట్టు మీదే కూర్చుని...

"నాన్నా, ఇక్కడ కూర్చుని ఏం చూస్తుంటావు?"

"ఏముంది, ఊరికే."

"ఊరికే అంటే?"

తోటయ్య సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "చూడకూడదనే కూర్చుంటాను. కళ్ళు ఊరుకోవు. అలవాటు." చేత్తో చూపించాడు. "ఆ మూల నేల కాస్త నల్లగా లేదూ? పోయిన నెల వాన పడితే నీళ్ళు రెండు రోజులు అక్కడే నిలిచాయి. అక్కడేం పెట్టినా వేరు కుళ్ళుతుంది. తూర్పు గోడకి పొద్దున ఎండ పదింటిదాకా ఉంటుంది. ఆకుకూరలకి అంతే కావాలి, ఎక్కువ పనికిరాదు. ఆ గోడ పక్కనుంచి రోజూ రెండు పిల్లులు పోతాయి, వాటి దారిలో విత్తనం వెయ్యకూడదు, పెళ్ళగిస్తాయి. కుళాయి చూడు, ఇక్కడ వంటింటి దగ్గర పెట్టారు. పెరటికి కుళాయి నడిమధ్య ఉండాలి. బకెట్లు మోసి మోసి తోటవాడికి మొదట అరిగేది మోకాళ్ళే."

"ఇంకా?"

"ఇల్లు కొన్న కొత్తలో అందరూ పరుగెత్తుకెళ్ళి మొక్కలు తెచ్చేస్తారు. తప్పది. కొత్త పెరట్లో తోటవాడికి ముందు కావల్సింది చూసుకోడానికి ఓ ఏడాది. ఏ నెలలో నీడ ఎంత జరుగుతుందో, గాలి ఎటునుంచి కొడుతుందో. అప్పుడు గానీ..." ఆయన ఆగి, చూపుడువేలు వంటింటి కిటికీ వైపు తిప్పాడు. "అదొక్కటి మాత్రం ఏడాది ఆగదు."

"ఏది?"

"మధ్యాహ్నం మూడు కాగానే ఎండ తిన్నగా ఆ కిటికీలో పడుతుంది. మీ అమ్మ కాజాలు కుట్టేది అక్కడే. నీలం గుడ్డ మీద నీలం దారం. కళ్ళు చిట్లించుకుని, తల ఇలా పక్కకి వంచి కుడుతుంది. ఒకపక్క మెడ నొప్పి పుడుతుంది కాబోలు, సాయంత్రం రుద్దుకుంటూ ఉంటుంది. చెట్టు పెడితే నీడ రావడానికి అయిదేళ్ళు. అన్నాళ్ళు ఎక్కడాగుతాం? చిన్న పందిరి వేసి చిక్కుడు పాదు ఎక్కిస్తే రెండు మూడు నెలల్లో అల్లుకుంటుంది. చిక్కుడాకు మరీ చిమ్మచీకటి చెయ్యదు, వెలుతురు వదులుతుంది. సూదిపనికి అలాగే ఉండాలి."

తోటయ్య భార్య చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది.

"ఎండ సంగతి నేనెవరితోనూ అన్లేదే" అంది.

"అనాలా?"

ఆవిడ లేచి నిలబడి, టీ పెడతానని లోపలికి వెళ్ళబోయింది. గుమ్మం దాకా వెళ్ళి, పాలు లేవని గుర్తొచ్చి, "పాలేవే?" అని కూతుర్ని అడిగింది. పిట్ట ఏడుస్తూ నవ్వింది. అడిగిన ఆవిడ గొంతూ సరిగా లేదు.

సరిగ్గా అప్పుడు వెనక సందులో హారను మోగింది. ఆ వెంటే గరగరమని పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు అదిరాయి.

గేటు తోసుకుని అల్లుడు లోపలికి వచ్చాడు. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ముఖం వెలిగిపోతోంది.

"పిట్టా! బుధవారం కాదు, ఇవాళే దొరికింది బండి! ఇంకెక్కడో పని తొందరగా అయిపోయిందట. మామయ్యా, కాస్త అటు జరగండి, దుమ్ము పడుతుంది. అత్తయ్యా, ఇంక వానొచ్చినా బురదలో జారిపడే బాధ లేదు మీకు..." అంటూనే ముగ్గురి ముఖాలూ, నేల మీద పరిచి ఉన్న సామానూ చూసి ఆగిపోయాడు. "ఏమైంది? అందరూ బాగానే ఉన్నారా?"

"ఆపించండి" అంది పిట్ట. "ముందు ఆ బండి ఆపించండి."

గేటు అవతల డ్రమ్ము గిర్రున తిరుగుతున్న కాంక్రీటు లారీ వెనక్కి వస్తోంది. దాని పక్కన నడుస్తున్న మేస్త్రి చెయ్యెత్తి ఆపించాడు. నలభై అయిదేళ్ళుంటాయి, కనుబొమల దాకా సిమెంటు దుమ్ము.

"ఆపడమంటే ఎంతసేపమ్మా?" అన్నాడు. "డ్రమ్ములో తిరుగుతున్నది కలిపిన సరుకు. గంటా గంటన్నర. ఆ తర్వాత గట్టిపడిపోతుంది. సగం ఇక్కడికి, సగం ఇంకో చోటికి తెచ్చాం. ఇక్కడిది ఇక్కడ పోసెయ్యాల్సిందే."

పిట్టకు ఆ మాట ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ల్యాబులో పళ్ళ అచ్చుల కోసం కలిపే పొడి ఎవరి కష్టం చూసీ గట్టిపడకుండా ఆగదని ఆమెకు రోజూ అనుభవమే. భర్తను పక్కకు లాగి నాలుగు ముక్కల్లో చెప్పింది. వింటుంటే అతని ముఖంలో వెలుగు కాస్త కాస్తగా తగ్గిపోయింది.

"నాకు తెలీదు మామయ్యా" అన్నాడు, మామగారి దగ్గరికి వచ్చి. "మీకు మొక్కల మీద విసుగొచ్చిందేమో, అడిగి అడిగి ప్రాణం తీస్తున్నానేమో అనుకున్నాను. వద్దు. నేను వెనక్కి పంపించేస్తాను."

"వెనక్కి తీసుకెళ్ళి ఎక్కడ పోస్తాం సార్, రోడ్డు మీదా?" అన్నాడు మేస్త్రి.

డ్రమ్ము తిరుగుతూనే ఉంది. అల్లుడు గేటు వైపు చూశాడు, పెరటి వైపు చూశాడు, చేతులు నలుపుకున్నాడు. అందరి చూపులూ తిరిగి తిరిగి తోటయ్య మీదికే వచ్చాయి. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. అడగకూడదని ముగ్గురికీ తెలుసు. ఆ తెలియడమే ఆయనకు అడిగినట్టయింది.

తోటయ్య మెట్టు మీది నుంచి లేచాడు. గేటు దాకా నడిచి, లారీ వంక, కార్లు వచ్చే దారి వంక చూసి, చెప్పు వదిలేసి కుడి మడమ నేలలో గట్టిగా అదిమాడు. అలాగే ఈడ్చుకుంటూ వెనక్కి నడవసాగాడు. మట్టిలో గీత పడుతోంది. గీత లోపలి చోటు గేటు దగ్గర వెడల్పుగా మొదలై, లోపలికి వచ్చేసరికి వంపు తిరిగి సన్నబడింది. గీత కుళాయి పక్కనుంచి పోయి ఇంటి గోడ చేరకుండానే ఆగిపోయింది.

"ఇక్కడి దాకా" అన్నాడు. గొంతు కీచుమంది. దగ్గి, మళ్ళీ అన్నాడు. "ఇక్కడి దాకా పొయ్యండి. ఈ గీత దాటొద్దు."

అల్లుడు తలగోక్కున్నాడు. "వంపెందుకు మామయ్యా?"

"మీరు బండి వెనక్కి తిప్పేప్పుడు ముందు చక్రం ఇలా తిరుగుతుంది బాబూ. మొదటి బండి ఇక్కడ ఆపుతారు, రెండోది దాని పక్కన ఓ మూరెడు ఎడంగా. నేర్చుకునే పిల్లలైతే ఇంకో రెండు మూరలు తప్పుతారు, అదీ వదిలాను. చక్రం పడే చోట సిమెంటు కావాలి. పడని చోట ఎందుకు?"

"మీరు నా చక్రాలు కూడా చూశారా?"

"రోజూ నా ముందే కదా తిప్పుతారు."

అల్లుడికి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. వంగి, ఆ గీత మీద అక్కడక్కడా చెదిరిన మట్టిని చేత్తో సరిచేశాడు.

"ఇంత తక్కువ చోటికైతే సరుకు మిగులుతుంది కదా" అన్నాడు మేస్త్రి.

"మందం పెంచు. బండ్లు ఎక్కే చోటు, మందం ఉంటేనే మంచిది."

మేస్త్రి సరేనని కదల్లేదు. తోటయ్య ముఖంలోకి కళ్ళు చికిలించి చూస్తున్నాడు. గీతను చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు.

"మిమ్మల్ని నేనెక్కడో చూశాను పెద్దాయనా. ఎముకల ఆసుపత్రి కదూ? మీరు తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేం కొలతలకని వచ్చాం ఆ రోజు. అక్కడ కాంక్రీటు పోసింది మేమే."

పిట్ట గబగబా ముందుకు వచ్చింది. "ఇప్పుడవన్నీ ఎందుకండీ? మీ పని మీరు..."

"చెప్పనీ తల్లీ" అన్నాడు తోటయ్య.

మేస్త్రి తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "మా అమ్మ తుంటి విరిగి నాలుగు నెలలు అక్కడే ఉంది. మంచం దిగనని ఒకటే మొండి. అక్కడొక మాట ఉండేదంట కదా, వెనక గోడ దగ్గరి ఆఖరి చెట్టు దాకా నడిచి, దాన్ని చేత్తో ముట్టుకుని వస్తే ఇంటికి పంపేస్తారని. ఆ చెట్టు కోసం దిగింది మా అమ్మ. ముట్టుకుంది, ఇంటికొచ్చింది. ఇప్పుడు వీధంతా తనదే, పట్టుకోలేకపోతున్నాం."

"పిల్లికళ్ళ మనిషి, గట్టిగా మాట్లాడుతుంది" అన్నాడు తోటయ్య. "వెళ్ళే రోజు చంకకర్రని చెట్టుకి చేరేసి, ఇక నువ్వే నడువ్ అని చెట్టుతో చెప్పి పోయింది."

"ఆమే."

మేస్త్రి తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

"అందుకని పెద్దాయనా, ఆ ఆఖరి చెట్టు నరికిన మొదలు మీద పొయ్యడానికి నాకు చేతులాడలేదు. చుట్టూ పలకలు కట్టించి, పైన రేకు మూత పెట్టించి, మురుగు గొయ్యి అని చెప్పి వదిలేశాను. మిగతా పదీ అయిపోయాయి. అదొక్కటి వదిలేశాను. ఏడాదిగా ఎవరూ పట్టించుకోలేదు."

తోటయ్య పెదవులు కదిలాయి. "చిగురేసిందా?"

"చిగురా? రేకు పక్కకి తోసేసి నడుమెత్తు లేచింది. అక్కడే వచ్చింది చిక్కు. మొన్న ఎవరో బండి వెనక్కి తీస్తుంటే ఆ కొమ్మ అద్దానికి గీసుకుందంట. ఇదేంటని గోల. పెకిలించి పూడ్చెయ్యమని నిన్న ఫోను చేశారు." మేస్త్రి డ్రమ్ము వైపు చూసి, చూపు దించుకున్నాడు. "ఇందాక చెప్పాను కదా, సగం సరుకు ఇంకో చోటికని. ఇక్కడయ్యాక మేం పోయేది అక్కడికే."

తోటయ్య వదిలేసిన చెప్పు కాలికి తొడుక్కున్నాడు. అల్లుడి వైపు తిరిగాడు.

"బాబూ, మీ బండి కాస్త తీస్తారా?"

ఆయన నోట అలాంటి మాట పిట్ట ఇంతవరకూ వినలేదు. అల్లుడు తాళాల కోసం అన్ని జేబులూ తడుముకున్నాడు. అవి అతని చేతిలోనే ఉన్నాయి. తోటయ్య భార్య సూది కొంగుకు గుచ్చుకుని వంటింటి తలుపు దగ్గరగా వేసి, "నేను లేకుండా ఎక్కడికండీ?" అంటూ అందరికంటే ముందు వెళ్ళి కారులో కూర్చుంది. పిట్ట పారా గునపమూ ఎత్తి వెనక డిక్కీలో పడేసింది.

మేస్త్రి పరుగున కారు కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"పెద్దాయనా, ఎంత నెమ్మదిగా చేసినా ఇక్కడ మాకు గంట పని. అంతకంటే లాగలేను, ఆ తర్వాత అక్కడికి రాక తప్పదు. డ్రమ్ము ఊరుకోదు."